స్టాఫ్ బస్సులో నేను గెలిచిన ఎన్నిక

మా కాలేజీ బస్సుకు ఒక వాట్సాప్ గ్రూపు ఉండేది. జగ్గయ్యపేట నుంచి రోజూ నందిగామ వెళ్ళి పాఠాలు చెప్పుకునే వాళ్ళం ఇరవై మందిమి, బస్సు ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకోవడానికి పెట్టుకున్న గ్రూపు అది. దాన్ని ప్రభుత్వంగా మార్చింది మా డ్రైవరు.

ఆయనకు యాభై దాటాయి. అందరం భాయ్ అనే పిలిచేవాళ్ళం. టైపు చేయడం ఆయనకు చిరాకు, అందుకని వాయిస్ మెసేజీలు పెట్టేవారు. ఒక వానాకాలం పొద్దున బస్సు ఆలస్యమైంది. మేమంతా గొడుగుల కింద విసుక్కుంటుంటే ఫోన్లలో ఆయన గొంతు వినిపించింది. "ప్రియమైన ప్రజలారా! వాన మూలంగా మీ ప్రభుత్వం పది నిమిషాలు ఆలస్యంగా మీ ముందుకు వస్తంది. పింఛన్లు ఇయ్యలేం గానీ సీట్లు మాత్రం అందరికీ ఇస్తాం." మాటకీ మాటకీ మధ్య, చప్పట్ల కోసం ఆగినట్టు ఆగారు. ఆ సాయంత్రానికల్లా ఆయన ముఖ్యమంత్రి అయిపోయారు. వృక్షశాస్త్రం మాస్టారికి కిటికీల శాఖ దక్కింది. నేను చెప్పేది పౌరశాస్త్రం, పైగా నోరు మూసుకుని కూర్చునే రకం కాదు. ప్రతిపక్షం నాకొచ్చింది.

రెండేళ్ళు ఆ సభ నడిచింది. పొద్దున్నే ఆయన పెట్టే పాటల మీద వాయిదా తీర్మానం ఇచ్చేదాన్ని. టీ కోసం బస్సు ఆపడం లేదని అవిశ్వాసం పెట్టేదాన్ని. కోపం వస్తే వాకౌట్ అని ప్రకటించి గ్రూపులోంచి వెళ్ళిపోయేదాన్ని. నందిగామలో కాలేజీ గేటు ముందు బస్సు ఆపగానే ఆయన నన్ను మళ్ళీ చేర్చేవారు. "ప్రతిపక్షం లేకపోతే సభ చప్పగా ఉందండి" అని ఒక వాయిస్ కూడా పెట్టేవారు. బస్సు దిగితే మేం స్టాఫ్ రూముకి, ఆయన గేటు పక్క షెడ్డుకి. స్టాఫ్ రూములో తిరిగే టీ ట్రే ఏనాడూ షెడ్డు దాకా పోలేదు. గ్రూపులో మాత్రం నేను ఆయన్ని ముఖ్యమంత్రిగారూ అనేదాన్ని, ఆయన నన్ను ప్రతిపక్షంగారూ అనేవారు. ఆ పిలుపు నాకు చాలా ఇష్టంగా ఉండేది.

ఆరు నెలలకోసారి ఎన్నికలు పెట్టుకునేవాళ్ళం. రెండుసార్లు నిలబడ్డాను, రెండుసార్లూ ఓడిపోయాను. ఆటేగదా అని పైకి నవ్వాను కానీ నిజం చెప్పాలంటే ఒళ్ళు మండింది. ఎం.ఏ. చదివి, ఎన్నికల వ్యవస్థ గురించి ఏటా రెండు సెక్షన్లకు చెప్పే నేను ఒక డ్రైవరు మీద గెలవలేకపోవడమేమిటని లోపల ఎక్కడో ఉండేది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. అనుకోవడం మాత్రం అనుకున్నాను.

మూడో ఎన్నిక వేసవి మొదట్లో వచ్చింది. రోజూ హైవే ఎక్కేముందు చిల్లకల్లు దగ్గర బస్సు పది నిమిషాలు ఆగేది, లోపలి ఊళ్ళ నుంచి ఆటోల్లో వచ్చే స్టాఫ్ కోసం. భాయ్ ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, సీటుకు తల ఆనించి కళ్ళు మూసుకునేవారు. తెల్లవారకముందే లేచి బస్సు కడిగే మనిషి, ఆ పది నిమిషాలే ఆయన విశ్రాంతి. ఎవరూ చెప్పకుండానే ఆ కాసేపూ బస్సులో అందరం గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళం. ఫోను మోగితే కిందికి దిగి మాట్లాడేవాళ్ళం.

పోలింగు రోజు నేను మెల్లగా లేచి ముందుకెళ్ళి ఆయన ఫోటో తీశాను. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. ఫోటోలో ఒక పక్క తెరిచిన తలుపు, మెట్టు మీద ఒక కాలు పెట్టి క్యారేజీ సంచితో ఎక్కుతున్న ఫిజిక్స్ మేడమ్ కూడా పడ్డారు. ఆ పక్క కత్తిరించేశాను. స్టీరింగు, నిద్రపోతున్న డ్రైవరు, అద్దంలోంచి రోడ్డు, అంతే మిగిలాయి. కింద పెద్ద అక్షరాలతో "ప్రజలు ప్రయాణంలో! పాలకులు నిద్రలో!" అని రాసి గ్రూపులో పెట్టాను.

బస్సంతా ఘొల్లున నవ్వింది. మెలకువ వచ్చి చూసుకున్న ఆయన కూడా నవ్వి, అక్కడికక్కడే వాయిస్ పెట్టారు. "ఇది ముమ్మాటికీ ప్రతిపక్షం కుట్ర! కళ్ళు మూసుకుని ప్రజల గురించే ఆలోచిస్తున్నా." మూడు ఓట్ల తేడాతో గెలిచాను. సాయంత్రం బస్సు ఎక్కేటప్పుడు ఆయన సీట్లోంచి లేచి నిలబడి రెండు చేతులూ జోడించారు. "కొత్త ముఖ్యమంత్రి గారికి నమస్కారం. మా డ్రైవరు ఉద్యోగం మాత్రం తియ్యమాకండి" అన్నారు. హామీ ఇస్తున్నానని నేను చెయ్యి ఊపాను.

రెండు రోజుల తర్వాత బస్సు తోలుకొచ్చింది వేరే మనిషి. మాలో ఎవరో ఆ పోస్టరును ఇంట్లో చూపించడానికి పంపుకున్నారట. అక్కడి నుంచి అది పిల్లల తల్లిదండ్రుల గ్రూపులో పడింది. మా తర్వాత పిల్లల ట్రిప్పు తోలేది కూడా ఆయనే. నడుస్తున్న బస్సులో నిద్రపోయే ఈయనేనా మా పిల్లల బస్సు నడిపేది అని, కాలేజీ నడిపే కరస్పాండెంట్‌ గారికి ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయి. ఆయన భాయ్‌ని పిలిచి తాళాలు తీసుకున్నారు. శనివారం మేనేజ్‌మెంటు కూర్చుని తేల్చేదాకా షెడ్డులో ఉండమన్నారు. తేల్చడమంటే ఏమిటో అందరికీ తెలుసు. అట్లా చెడ్డపేరుతో బయటికి పోయిన డ్రైవరును ఈ చుట్టుపక్కల ఏ కాలేజీ పిలవదు.

కత్తిరించని ఫోటో నా ఫోన్లోనే ఉంది. తెరిచిన తలుపు, ఎక్కుతున్న మనిషి, అన్నీ ఉన్నాయి. దాన్ని తీసుకెళ్ళి చూపిస్తే చాలు. కానీ చూపించడమంటే తీసింది నేనే, కత్తిరించిందీ నేనే అని చెప్పడం. మా ఉద్యోగాలు ఏడాదికోసారి రెన్యువల్ అయ్యేవి, ఆ కాగితం వచ్చే రోజులవి. మంగళవారం వెళ్దామనుకున్నాను, వెళ్ళలేదు. బుధవారం ఆఫీసు మెట్ల దాకా వెళ్ళి, క్లాసుకు టైమైందని తిరిగొచ్చేశాను. ఆ గంటలో నాకు క్లాసు లేదు. సాయంత్రం బస్సులో, నేను గెలిచాక ముఖ్యమంత్రి సీటని మేం పేరు పెట్టుకున్న మొదటి సీట్లో కూర్చున్నాను. బస్సు ఆగి ఉందని తెలిసిన మిగతావాళ్ళూ ఆ రెన్యువల్ కాగితం కోసమే చూస్తున్నారు, ఆఫీసుకు ఎవరూ వెళ్ళలేదు.

గురువారం స్టాఫ్ రూములో టీ ఇచ్చే ఆయమ్మ నా ముందు గ్లాసు పెట్టి ఆగింది. "ఆ ఫోటో ఎవరు తీశారో చెప్తే నీ మాట ఆలోచిస్తా అన్నారంటండీ పెద్దసారు. నిద్రపోయేవోడికి ఎవరు తీశారో ఎట్టా తెలుసుద్దండీ అన్నాడంట భాయ్" అంది. మెచ్చుకుంటున్నట్టుగానే చెప్పింది. ఆమె మా గ్రూపులో లేదు.

ఆయనకు తెలుసు. పోస్టరు నా నంబరు నుంచే వచ్చింది, దానికి జవాబు ఇచ్చింది ఆయనే. టీ అక్కడే వదిలేసి ఆఫీసుకి వెళ్ళాను.

కరస్పాండెంట్‌ గారు నా ఫోను చాలాసేపు చూశారు. కత్తిరించిందీ చూశారు, కత్తిరించనిదీ చూశారు. "పౌరశాస్త్రం చెప్పేది మీరే కదూ?" అన్నారు. ఎప్పుడు తీశానో, ఎందుకు తీశానో కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నారు. పెట్టాను. మూడు రోజుల్లో మొదటిసారి గుండె మీద బరువు కాస్త తగ్గింది. నాకు మెమో ఇచ్చారు. గ్రూపులో టైమింగులు తప్ప ఇంకేమీ ఉండకూడదన్నారు. భాయ్‌కి తాళాలు తిరిగిచ్చారు, ఇకమీదట జాగ్రత్తగా ఉండమని ఒక హెచ్చరికతో. ఆయన చేసిన తప్పేమిటో ఆ హెచ్చరికలో లేదు.

సోమవారం బస్సు ఆయనే తెచ్చారు. "బస్సు బయల్దేరింది" అని గ్రూపులో టైపు చేసిన రెండు ముక్కలు వచ్చాయి. ఎక్కుతూ ఆయన ముఖంలోకి చూడలేకపోయాను. చిల్లకల్లు దగ్గర బస్సు ఆగింది. అలవాటు ప్రకారం అందరం గొంతులు తగ్గించాం. ధైర్యం కూడగట్టుకుని ముందుకెళ్ళాను.

"భాయ్, తప్పు నాదే. క్షమించండి" అన్నాను.

"అయ్యో, అంత మాటెందుకు మేడమ్. మీరు చెప్పబట్టే కదా మళ్ళీ ఈ సీట్లో కూర్చున్నా" అన్నారు. ఆ మాటలో వెటకారం లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

"ఆటోలు రావడానికి ఇంకా టైముందిలెండి. కాసేపు కళ్ళు మూసుకోండి."

"వద్దులెండి మేడమ్."

ఇంజిన్ ఆగే ఉంది, హ్యాండ్ బ్రేకు వేసే ఉంది. ఆయన నిటారుగా కూర్చుని, కళ్ళు పెద్దవి చేసుకుని, ఖాళీ రోడ్డు వైపే చూస్తున్నారు. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. ఆటోలు వచ్చేదాకా తియ్యలేదు.