సూరత్‌కు నేలవేము కట్ట

"అన్నా, నేలవేము పట్కరా. ఆయనకు మళ్ల జ్వరమొచ్చింది" అని మా చెల్లెలు సునీత సూరత్ నుంచి ఫోన్ చేసింది. బావ రాజేశం అక్కడ మరమగ్గం నడుపుతాడు. వరంగల్‌లో సాయంత్రం బండెక్కాను. సంచిలోంచి బయటికొచ్చిన ఎండు కట్టను చూసి ఎదురు సీటాయన "ఏందది?" అన్నాడు. "మలేరియా మందు" అన్నాను గొప్పగా.

మర్నాడు మధ్యాహ్నం దిగాను. వెళ్లేవాళ్లకు ఒక మాట: స్టేషన్ బయటే లింబాయత్‌కు షేర్ ఆటోలుంటాయి, భాష రాకపోయినా ఫర్వాలేదు, ఆ పేటలో సగం మనవాళ్లే. చెల్లెలి ఇంటికి తాళం వేసి ఉంది. "మీ బావకు ఫిట్స్ వచ్చినయ్. సర్కారు దవాఖానకు తీస్కపోయిండ్రు" అని పక్కింటామె చెప్పింది.

దవాఖానకు వెళ్లేసరికి బావ స్పృహలో లేడు, మలేరియా మెదడుకెక్కిందన్నారు. పక్కన సునీత, చేతిలో కషాయం ఫ్లాస్కు. "ఒకరోజు ఇడిసి ఒకరోజు వచ్చేది అన్నా. వచ్చిన దినం కషాయం తాగిచ్చేదాన్ని, తెల్లారి దిగేది, డ్యూటీకి పోయేటోడు" అంది. మలేరియా జ్వరానికి మధ్యలో దిగడం మామూలే. దిగిన ప్రతిసారీ ఆ పేరు కషాయానికి దక్కింది.

సునీత ఫ్లాస్కు మూత తీయబోతుంటే డాక్టరమ్మ చేయి పట్టుకుంది. స్పృహ లేనివాడి నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని హిందీలో కేకలేసింది. మొక్కల మందంటే అంత చులకనా అని నేను ఎదురడిగాను. "నేను ఎక్కిస్తున్న ఇంజెక్షనూ ఒక మొక్క నుంచి వచ్చిందే. మీ నేలవేము లాంటివాటి సారాలు దీనికి తోడుగా పనికొస్తాయా అని పరీక్షిస్తున్నారు. ఇంకా తేలలేదు. తేలినా తోడుగానే, దీని బదులు కాదు" అంది. తర్వాత గొంతు తగ్గించి, మొదటి జ్వరానికే తీసుకురావాల్సింది అంది. నాకు ఒళ్లు మండింది, ఎవరి మీదో తెలియలేదు.

కిడ్నీలు పని మానేశాయి. తెల్లవారి బావ పోయాడు. తాపీ నది ఒడ్డున దహనం చేశాం.

సూరత్‌లో ఏం చూశావని ఊళ్లో అడుగుతారు. ఒక వార్డు, ఒక శ్మశానం చూశాను.

తిరుగు బండిలో భుసావల్ దగ్గర తెల్లారింది. ఎదురుగా సిరిసిల్ల జంట, వాళ్లదీ సూరత్‌లో మగ్గం పనే. "మొన్న ఈయనకు చలిజ్వరం వచ్చింది, అందుకే ఇంటికి తీస్కపోతున్న" అంది ఆ అమ్మాయి. "ఇప్పుడేం లేదక్కా, దిగింది. ఇంటికాడ అమ్మ కషాయం కాస్తది" అని అతను నవ్వాడు.

బండెక్కినప్పటి నుంచి నోరు విప్పని సునీత అతని వైపు తిరిగింది.

"మా ఆయనకు గూడ దిగింది తమ్మీ. నిన్న కాలవెట్టినం. వచ్చే టేషన్ల దిగి రక్తం చూపియ్యి. కషాయం తర్వాత తాగుదువు."

అతని నవ్వు ఆగిపోయింది. ఆ అమ్మాయి సీటు కింది సంచులు లాగింది. అకోలాలో ఇద్దరూ దిగారు. వాళ్లు ప్లాట్‌ఫాం దాటి బయటికి పోయేదాకా కిటికీ ఊచలు పట్టుకుని చూసి, అప్పుడు మా చెల్లె గొంతెత్తి ఏడ్చింది.