వట్టివేరు తడిక కట్టిన టర్బో కారు

మొన్న ఆదివారం నేను చేసిన ఘనకార్యానికి మా ఇంట్లో ఇంకా నవ్వుతానే ఉండారు. నాకు పిల్లనిచ్చిన మామ చెప్పకముందే నేనే చెప్పేస్తే మేలు. ఆయన చెప్తే ఇంకా ఘోరంగా ఉంటాది.

నేను తిరుపతిలో ఇంటర్ పిల్లోళ్లకు ఫిజిక్స్ చెప్తాను. చలికాలంలో బెంగళూరు పోయి నా డీజిల్ కారుకు ట్యూనింగ్ చేయించుకొచ్చినాను. కారు కంప్యూటర్‌లో సెట్టింగులు మారిస్తే ఇంజన్లోకి గాలి నొక్కే టర్బో ఇంకా గట్టిగా ఊదుతాది, ఇంజనుకు పవర్ పెరుగుతాది. ఆ చలికి భాకరాపేట ఘాట్‌లో బండి మేకపిల్ల మాదిరి ఎగిరింది. ఎండలు ముదిరేసరికి అదే బండి, అదే ఘాట్‌లో ముసలెద్దు మాదిరి అయిపోయింది.

మెకానిక్ ఖాదర్ బానెట్ కూడా ఎత్తకుండానే సంగతి చెప్పేసినాడు. ఎండకు గాలి పల్చబడుతాది. టర్బో దాన్ని నొక్కితే ఇంకా కాగుతాది. ఆ గాలిని సల్లబరిచే ఇంటర్‌కూలర్ కూడా కాగిపోతే, ఇంజన్ పాడవకుండా కంప్యూటరే పవర్ తగ్గించేస్తాది. చిన్న టర్బో సార్, దానికీ ఒక హద్దు ఉండాది, అది దాటించి ఊదమంటే వేడిగాలి తప్ప ఏమీ రాదు అన్నాడు. ఎండ ఎక్కకముందే నడుపుకోమని పంపించేసినాడు.

విని ఊరికే ఉండొచ్చు గదా. మా ఇంట్లో కిటికీకి వట్టివేరు తడిక ఉండాది. నీళ్లు చల్లితే గదంతా సల్లగా అవుతాది. కిటికీకి పనిచేసేది కారుకు పనిచేయదా అనుకున్నాను. తడికను కత్తిరించి, బాగా తడిపి, ఇంటర్‌కూలర్‌కు ముందర అడ్డంగా తీగలతో బిగించి కట్టినాను. ఖాదర్‌కు చెప్పలేదు. చెప్తే వద్దంటాడని తెలుసు.

అదే వారం మా బామ్మర్ది హరికి మదనపల్లెలో పెళ్లిచూపులు పెట్టుకున్నారు. ఆదివారం నాలుగున్నరకు రాహుకాలం, ఆలోపే ఇంట్లో అడుగుపెట్టాలని పిల్ల తరపోళ్లు గట్టిగా చెప్పినారు. మా మామ ముప్పై ఏండ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. పదింటికే బయల్దేరదామన్నాడు. నేనే అడ్డం పడి, అన్నం తిని ఒంటిగంటకు పోదాం, మన బండికి అదెంత దూరం మామా అన్నాను.

ఘాట్ మొదలయ్యేదాకా బాగానే ఉండింది. కారంతా వట్టివేరు వాసన. ఎక్కడం మొదలుపెట్టగానే ఏసీలో వేడిగాలి వచ్చింది. రెండో మలుపులో ముందర మీటర్ల మధ్య, ఇంజన్ కాగిపోతా ఉందని చెప్పే ఎర్రలైటు వెలిగింది. మూడో మలుపుకు యాక్సిలరేటర్ అడుక్కి తొక్కినా బండి కదిలీ కదలనట్టు పోతా ఉండింది. వెనక సీట్లో హరి మొహాన పౌడరు చెమటకు చారలు కట్టింది. నా భార్య సుజాత తమ్ముడికి కొంగుతో విసురుతా ఉండింది గానీ, నా పక్క ఒక్కసారి కూడా చూడలేదు. తిట్టినా బాగుండేది.

పక్కకు ఆపి బానెట్ ఎత్తినాను. మా మామ వంగి తడికను వేలితో తాకినాడు.

"ఏమప్పా, దీనికి ఊపిరాడే దోవ యాడ పెట్టినావు?" అన్నాడు.

అంతలోనే కింద నుంచి మదనపల్లె బస్సొచ్చింది. మామ చెయ్యెత్తినాడు. డ్రైవరు ఆయనతో కలిసి పనిచేసిన మనిషే, వెంటనే ఆపినాడు. మామ, సుజాత, హరి ముగ్గురూ పూలు, పండ్ల బుట్టతో సహా ఎక్కేసినారు. "మీరు నిదానంగా రాండి" అని సుజాత మెట్టు మీద నుంచి చెప్పింది.

తడిక పీకేసి, ఇంజన్ సల్లారేదాకా గంటసేపు చెట్టుకింద కూర్చుని, నేను పెళ్లికూతురి ఇంటికి చేరేసరికి అయిదుంపావు. నట్టనడి రాహుకాలం. వాళ్ల అవ్వ నన్ను గడప తొక్కనీలేదు, ఆరయ్యేదాకా వరండాలోనే కూర్చోమనింది. మావాళ్లు నాలుగున్నరలోపే చేరిపోయినారు, లోపల అందరూ నవ్వుతా ఉండినారు. మామ కత మొత్తం చెప్పేసినాడని అర్థమైంది.

పెళ్లికూతురే కాఫీ తెచ్చిచ్చింది. "నన్ను గుర్తుపట్టలేదా సార్? ప్రసన్నను. మీ దగ్గరే ఇంటర్ చదివినాను" అనింది. ఆ తర్వాత, చాలా మర్యాదగా, "గాలి ఆడితేనే తడి ఆరేది, తడి ఆరితేనే సల్లబడేది అని మీరే గదా సార్ చెప్పినారు" అనింది.

నేను కాఫీ గటగటా తాగేసి గ్లాసు ఆమె చేతికిచ్చేసినాను. పాఠం మాత్రం బాగానే చెప్పినట్టున్నాను.

సంబంధం కుదిరింది. పండ్ల బుట్ట ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చిన పెళ్లికొడుకు, ఆడంబరం లేని పిల్లోడని వాళ్లందరికీ తెగ నచ్చినాడంట. నిన్న పెళ్లి పనులు పంచుకున్నారు. పెళ్లికొడుకును తెచ్చే బండి మామ వేరే మాట్లాడేసినాడు. నాకూ ఒక పని ఇచ్చినారు, అల్లుణ్ణి కదా. మండపంలో ఫ్యాన్లకు ఎవరూ ఏమీ అడ్డం కట్టకుండా చూసుకోవాలంట.