రెల్లుపిట్టల మీద బెంగ

మా ఆయన దర్జీ. వారమంతా మిషను ముందు, ఆదివారం పిట్టల వెంట. చూడ్డానికి వెళ్తాడని అందరూ అనుకుంటారు గానీ, నిజానికి వినడానికే వెళ్తాడు. ముందు కళ్లు మూసుకుని నిలబడాలట, కూత వినిపించాకే దుర్భిణి ఎత్తాలట. కూత లేకపోతే అది మెడలో ఊరికే వేలాడాల్సిందే.

ఈ ఏడంతా అలాగే వేలాడుతోంది. "పిట్టలు చచ్చిపోయాయే" అంటూ కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతాడు. మనిషి సగమైపోయాడు. పిట్టల పిచ్చి చూస్తే నాకు చిరాకే, అయినా భయమేసి ఈ ఆదివారం నేనూ బయల్దేరాను.

ముందు పార్కుకు వెళ్లాం. కాకులు, గోరింకలు తప్ప ఏమీ లేవంటూ ఆయన తోటమాలి మీద పడ్డాడు. "మందు కొట్టి చంపేశావు కదయ్యా! నీకు మనసెలా ఒప్పింది?"

"మందా? నేనా? చెట్టు నిండా అవేగా సార్, పొద్దుట్నుంచీ ఒకటే గోల" అన్నాడతను తెల్లబోయి.

"ఎదురుగా నిలబడి అబద్ధమాడతావా!"

చెయ్యి పట్టుకుని ఇవతలికి లాక్కొచ్చాను. నాకు తల కొట్టేసినట్టయింది. కిచకిచలు నాకూ వినిపించాయి. కానీ ఏ పిట్ట ఏదో నాకేం తెలుసు? ఈయన వెతికేవి వేరేమో అనుకున్నాను.

అక్కణ్ణుంచి ఊరి చివర చిత్తడినేలకు నడిచాం. నిలువెత్తు రెల్లు, కింద బురదనీళ్లు. ఆయన కళ్లు మూసుకున్నాడు.

"విన్నావా? శ్మశానంలా లేదూ? ఈపాటికి రెల్లుపిట్టలు చెవులు చిల్లులు పడేలా అరవాలి."

అరుస్తూనే ఉన్నాయి! సన్నగా, సూదుల్లా, మా చుట్టూరా. వేళాకోళమాడుతున్నాడేమోనని మొహంలోకి చూశాను. కళ్లు మూసుకునే ఉన్నాడు, గడ్డం వణుకుతోంది. అలారం ఎంత మోగినా లేవడని, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందని, నెలల తరబడి తిట్టిపోశానే! మాటలు బాగానే వినిపిస్తున్నాయి, ఇలాంటి సన్నటి చప్పుళ్లే ఈయన చెవికి ఆనడం లేదు.

చెప్పాలా, వద్దా? చెప్పకపోతే ఈ బెంగతోనే మంచం పడతాడు. చెబితే ఏమైపోతాడో.

దుర్భిణి ఎత్తి ఆయన కళ్లకు పెట్టి, రెల్లు కొసన ఊగుతున్న పిట్ట వైపు తిప్పాను. చాలాసేపు చూశాడు.

"నోరు తెరుస్తోంది. గొంతు కదులుతోంది" అన్నాడు. "పాడుతోందా?"

"ఆ."

"నీకు వినిపిస్తోందా?"

"ఆ. ఒకటి కాదు, బోలెడు."

దుర్భిణి దించాడు. "అమ్మయ్య! చావలేదన్నమాట" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. చెవులు పోయాయిరా దేవుడా అని ఏడవాల్సిన మనిషి అమ్మయ్య అంటాడేమిటి! కడిగిపారేద్దామని నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. ఆయన మాత్రం మళ్లీ కళ్లు మూసుకుని, నా వైపు చెయ్యి చాచాడు.

"ఎలా పాడుతున్నాయో కాస్త చెప్పవే" అన్నాడు.