అడిగి తెచ్చుకున్న పరీక్ష

పలాస నుంచి సముద్రం వైపు పోయే దారిలో, జీడితోటలు పల్చబడి ఇసుక మొదలయ్యే చోట, ఎరువుల కర్మాగారం ఒకటి ఉంది. లోపల పనిచేసేవాళ్లలో కంపెనీ మనుషులు కొద్దిమంది. తక్కినవాళ్లంతా కాంట్రాక్టరు మనుషులు. కాంట్రాక్టరు మారతాడు, మనుషులు మారరు. కానీ అతను మారినప్పుడల్లా వాళ్లు కొత్తవాళ్లయిపోతారు. పదేళ్లకు పైగా అవే గొట్టాల చుట్టూ పరంజా కడుతున్న గోవిందరావు, కాగితాల ప్రకారం, ఏడాది అనుభవం ఎన్నడూ దాటనివాడు. మొదట్లో ఈ సంగతి తలుచుకుంటే అతనికి కోపం వచ్చేది. తరవాత కోపం పోయి పట్టుదల వచ్చింది. పట్టుదల కోపం కంటే మేలైనదని చెప్పలేం. ఎక్కువకాలం మన్నుతుంది, అంతే.

అతన్ని నాయకుడిగా ఎవరూ ఎన్నుకోలేదు. పెద్దవాళ్ల ఎదుట నోరు విప్పేవాడు వేరే లేకపోవడంతో ఆ బాధ్యత అతని నెత్తిన పడింది. విప్పిన నోటికి ఫలితం దక్కిన సందర్భాలు అతని బతుకులో రెండే. మొదటిది గేటు దగ్గరి కార్డు.

కర్మాగారంలో ఊడ్చే పనికీ, మోసే పనికీ వచ్చే ఆడవాళ్లలో చాలామంది అంతకుముందు పలాసలో జీడిపిక్కలు కొట్టినవాళ్లు. పిక్క పెంకులోని నూనె ఏళ్ల తరబడి వేళ్లను తింటుంది. గీతలన్నీ చెరిగిపోయి బొటనవేలు నున్నబడుతుంది. గేటు దగ్గరి వేలిముద్ర యంత్రానికి అటువంటి వేలు మనిషి వేలుగా తోచదు. పొద్దున్నే వచ్చి, యంత్రం గుర్తుపట్టక, హాజరు పడక తిరిగిపోయేవాళ్లు. గోవిందరావు నెల రోజులు వాదించాడు. చివరికి వేలిముద్ర తీసేసి అందరికీ కార్డులిచ్చారు. కార్డు తాకిస్తే పచ్చదీపం వెలుగుతుంది, అడ్డుకడ్డీ తిరుగుతుంది, మనిషి లోపలికి పోతాడు. అతను అప్ప అని పిలిచే పెదనాన్న కూతురు ధనమ్మ ఆ కార్డును మెడలో వేసుకుని కొన్నాళ్లు ఇంట్లో కూడా తియ్యలేదు.

రెండోది ఈ పరీక్ష.

కిందటి వేసవిలో బాయిలరు పక్కన ఇద్దరు మనుషులు ఎండకు పడిపోయారు. నీళ్ల డ్రమ్ము గేటు దగ్గరెక్కడో ఉండేది. పరంజా దిగి అక్కడికి పోయి తాగి వచ్చేసరికి సూపర్వైజరు నోటికి పని దొరికేది. దానితో చాలామంది దాహాన్ని మధ్యాహ్నం దాకా వాయిదా వేసేవారు. ఉద్దానంలో పుట్టినవాళ్లకు ఆ వాయిదా ఎక్కడికి తీసుకుపోతుందో తెలియనిది కాదు. ఏ వీధిలో చూసినా కిడ్నీలు చెడినవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు. గోవిందరావు అన్న డయాలసిస్ కోసం పలాస తిరిగి తిరిగి, ఒకనాడు తిరగడం మానేశాడు. అందుకని గోవిందరావు మూడు కోరికలు పెట్టాడు: పనిచేసే చోట నీళ్లు, కూర్చోవడానికి నీడ, ఏడాదికోసారి అందరికీ రక్తపరీక్ష. నీళ్ల సంగతీ నీడ సంగతీ పరిశీలనలోకి వెళ్లాయి. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. పరీక్ష మాత్రం వారం తిరక్కుండా వచ్చింది. అడిగినవాటిలో ఏది అంత తేలిగ్గా దక్కిందో, ఎందుకు దక్కిందో అతను ఒక్కసారి ఆగి ఆలోచించుకుని ఉండవలసింది. గెలిచినవాడికి ఆ తీరిక ఉండదు.

పరీక్ష నాడు టెక్కలి లాబు నుంచి ఆనంద్ వచ్చాడు. గోవిందరావు ఊరివాడే, వరసకు మేనల్లుడు. రేకుల షెడ్డులో బల్ల వేసుకుని సాయంత్రం దాకా రక్తం తీశాడు. సూదంటే భయపడేవాళ్లకు ధైర్యం చెప్పి, తప్పుకుపోతున్నవాళ్లను వెనక్కి పిలిచి, వరస నడిపించింది గోవిందరావే. చివర్లో ఆనంద్ అతని చెయ్యి పట్టుకోబోతే, తనది రేపెప్పుడైనా తియ్యవచ్చునని విడిపించుకున్నాడు. తీసినట్టు జాబితాలో టిక్కు పడింది. తీరిక లేక ఇవ్వలేదని అతను అనుకున్నాడు. మనిషి తనకు తాను చెప్పుకునే కారణాల్లో మొదటిది సాధారణంగా నిజమైనది కాదు.

ఫలితాలు వచ్చిన మర్నాడు ధనమ్మ కార్డు తాకిస్తే ఎర్రదీపం వెలిగింది. యంత్రం పాడయిందనుకుని ఆవిడ కార్డును కొంగుతో తుడిచి మళ్లీ తాకించింది. మళ్లీ తుడిచింది. వెనకనున్నవాళ్లు పక్కకు జరగమన్నారు. ఆమెతోపాటు మరికొందరికి అలాగే అయింది. అందరికీ రక్తంలో, కిడ్నీలు దెబ్బతింటే పెరిగే క్రియాటినిన్ ఉండవలసిన దానికంటే ఎక్కువుంది.

గేటు దగ్గర కాంట్రాక్టరు తరఫు సూపర్వైజరు కొండబాబు. గోవిందరావుకు స్వయానా భార్య తమ్ముడు. ఇంటి దగ్గర ఒకే పంక్తిలో కూర్చుని తినే మనిషి, చేతిలోకి వాకీటాకీ రాగానే కొంచెం పొడుగయ్యేవాడు.

"పరీక్ష సెయ్యమని అడిగినోడివి నువ్వే గదా బావా. సేసినాం. ఇప్పుడు వద్దంతావేటి?"

"పరీక్ష సెయ్యమన్నాను. మనుసుల్ని తోసీమన్లేదు."

"ఆ రెండోది నువ్వడక్కుండానే ఇచ్చినామనుకో."

వరసలో కొందరు నవ్వారు. ఆ నవ్వులో తనమీద పగ లేదని గోవిందరావుకు తెలుసు. తెలిసినందువల్ల అది గుచ్చుకోకుండా పోలేదు.

ఆ రోజు నుంచి తిరగడం మొదలయింది. కంపెనీ ఆఫీసులో, ధనమ్మ తమ మనిషి కాదనీ కాంట్రాక్టరును అడగమనీ చెప్పారు. కాంట్రాక్టరు విశాఖపట్నం నుంచి ఫోనులో, తనకేమీ అభ్యంతరం లేదనీ కంపెనీ భద్రతా నియమం అటువంటిదనీ చెప్పాడు. కార్మిక శాఖ అధికారి కుర్చీ చూపించి, మంచినీళ్లు ఇప్పించి, ఓపిగ్గా విన్నాడు. పరీక్ష చెయ్యాలని నిబంధన ఉంది, చేశారు. జబ్బు ఉన్నవాళ్లను తీసెయ్యమని ఎక్కడా లేదు, ఉంచమనీ స్పష్టంగా లేదు. పై నుంచి వివరణ కోరతానన్నాడు. ముగ్గురూ మర్యాదస్తులే. అన్యాయం చేస్తున్న మనిషి ఎదురైతే అతనితో తగాదా పెట్టుకోవచ్చు. ఇక్కడ అన్యాయం జరిగిపోయింది గాని చేసినవాడు ఎవడూ కనిపించలేదు. రోజుకూలీ పోగొట్టుకుని బస్సులు ఎక్కి దిగుతూ గోవిందరావు వెతికింది నిజానికి న్యాయాన్ని కాదు, ఆ మనిషిని.

ధనమ్మ మాత్రం గొడవ వద్దంది. "మళ్లీ పిక్కలు కొట్టుకుంతాన్లేరా. సేతేళ్లెలాగూ పోయినాయి గదా." అది అంత తేలికైన మాట కాదని ఇద్దరికీ తెలుసు. జీతంలో ఈఎస్ఐ బీమాకు కోత పడినన్నాళ్లూ ఆ ఆస్పత్రిలో మందులూ పరీక్షలూ ఉచితం. పనిపోతే కొన్నాళ్లకు అదీ పోతుంది. రోగం ఉందని తేలిన రోజునే వైద్యం అందే దారి మూసుకుపోవడం మొదలయింది. లేదనుకుంటూ బతికినన్నాళ్లు ఆ దారి తెరిచే ఉంది.

కొండబాబును ఇంటి దగ్గర పట్టుకుని, తన భార్యచేత చెప్పించి, విసిగించి విసిగించి, చివరికి ఒక్క మనిషికి ఒక్కసారి తిరిగి పరీక్ష చేయించడానికి ఒప్పించాడు. అది ధనమ్మకు. మిగిలినవాళ్ల మాటెత్తితే ఇదీ పోతుందని ఎత్తలేదు. ఎత్తనందుకు వాళ్ల ముఖాలు చూడలేకపోయాడు.

ఆ పరీక్ష నాటి పొద్దున షెడ్డులో ముగ్గురే ఉన్నారు. కొండబాబు బయట ఫోనులో ఎవరినో తిడుతున్నాడు. ఆనంద్ రబ్బరు పట్టీ తీసేసరికి, ధనమ్మ కూర్చోవలసిన స్టూలు మీద గోవిందరావు కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

ఆనంద్ తలుపు వైపు చూశాడు. "మావా, ఇది తెలిస్తే నా ఉద్యోగం పోతాది."

"తెలీదు. పరంజా ఎక్కి దిగే ఒల్లిది, దీనికేటీ ఉండదు. గొట్టం మీద అప్ప పేరు రాయి. తియ్యి."

ధనమ్మ గోడ వైపు తిరిగి నిలబడింది. "నా పేరున నీ రగతం పోతంది. ఈ బుణం నానెలా తీర్సుకుంతానురా" అంది గోడతో.

అబద్ధమాడే మనుషుల మీద పదేళ్లుగా మండిపడ్డవాడు ఆడిన మొదటి అబద్ధం అది. చెడ్డ నియమానికి దొంగ రక్తం చాలునని సర్దుకున్నాడు. ఆ వాదంలో కొంత సత్తువ లేకపోలేదు. అయితే దానికి ఆధారమైనది ఒక్కటే, తన ఒంట్లో ఏమీ లేదన్న నమ్మకం; ఆ నమ్మకాన్ని మాత్రం అతను ఎవరిచేతా పరీక్ష చేయించలేదు.

రెండు రోజుల తరవాత టీకొట్టు దగ్గర కొండబాబు తనంతట తానే వచ్చి పక్కన కూర్చున్నాడు. గొంతులో వెటకారం లేదు.

"మీ అప్పకి ముందుటికంటే ఎక్కువే వచ్చినాది బావా. ముందుటిదే నయం. ఇంక నన్నేటీ అడక్కు."

గోవిందరావు గ్లాసు కింద పెట్టాడు. ఏదో పొరపాటయి ఉంటుందనుకోవడానికి ప్రయత్నించాడు. అంతలో ఆనంద్ దగ్గర నుంచి ఫోను వచ్చింది. "మావా, నువ్వు పలాస ఆస్పత్రికెల్లు. జాగు సెయ్యకు" అన్నాడు. ఎందుకని ఇతను అడగలేదు. సాయంత్రాలు పాదాలు వాచేవి. పరంజా మీద నిలబడ్డం వల్లనని అనుకునేవాడు. అన్న కూడా మొదట్లో పొలం గట్లు తిరగడం వల్లననే అనుకున్నాడు.

ఇంటికి పోతూ దారిలో మోటారుసైకిలు ఆపి, జీడితోట కంచె పక్కన చాలాసేపు కూర్చున్నాడు. భయం ఉంది, కానీ భయం కంటే ముందు వచ్చింది విసుగు. ఇన్నాళ్లూ తిరిగిన ప్రతిచోటా తాను చెప్పినది ఒక్కటే: ధనమ్మ బాగానే ఉంది, పని చెయ్యగలదు, పరీక్ష తప్పయి ఉంటుంది. బాగా లేకపోయినా ఆమె పనిచేసే మనిషేనని, ఆ పని చేస్తూ, దాహం ఆపుకుంటూ పాడయిన ఒళ్లేనని ఒక్క బల్ల ముందు కూడా అనలేదు. అనాలని తోచలేదు. జబ్బున్నవాళ్లు బయట ఉండాలన్న మాటను వాళ్లకంటే ముందు తానే ఒప్పుకుని, ఆ తరవాత ఒక్క మనిషికి మినహాయింపు అడిగాడు. అతని రక్తం ఆ మినహాయింపును కూడా చెల్లనివ్వలేదు.

మర్నాడు ఎప్పటిలాగే వరసలో నిలబడ్డాడు. సరుగుడు చెట్ల కింద ధనమ్మ కనిపించింది. ఫలితం మంచిదే వస్తుందనుకుని, కేరేజీ కట్టుకుని, కార్డు మెడలో వేసుకుని వచ్చింది. కొండబాబు ఆమె దగ్గరికి పోయి ఏదో చెప్పి వచ్చాడు. ఆవిడ చెప్పినవాడి వైపు చూడలేదు. వరసలో ఉన్న గోవిందరావు వైపు చూసింది. అర్థమయిందన్నమాట. అతను తల తిప్పుకోలేకపోయాడు.

తన వంతు వచ్చింది. కార్డు తాకించాడు. పచ్చదీపం వెలిగింది. అడ్డుకడ్డీ మధ్య నిలబడి, లోపలికి పోకుండా కొండబాబును పిలిచాడు.

"నాకు పరీక్ష జరగనేదు. జరిగినట్టు టిక్కు పెట్టీసినారు."

"దానికిప్పుడేటి బావా. ఎల్లు, ఎనక జనమున్నారు."

"ధనమ్మప్పకున్న రోగవే నాకూ ఉన్నాది. నన్నూ ఆపు."

వరసలో మాటలు ఆగాయి. కొండబాబు ముఖంలో ఒక్క క్షణం బావమరిది కనిపించాడు, సూపర్వైజరు కాదు. లెక్క కట్టుకున్నాడు: ధనమ్మ పేరున వచ్చింది ఎవరి రక్తమో, ఎందుకు మొదటిదానికంటే ఎక్కువుందో. గొంతు తగ్గించి, "నాకేటీ ఇనబడ్నేదు. కాయితంలో నువ్వు బాగున్నావు. అక్క మొకం సూసి సెప్తన్నాను, లోపలికెల్లు" అన్నాడు.

అది దయే. అందులో ఇంకొకటి కూడా ఉంది. వార్షిక మరమ్మతులు నడుస్తున్నాయి, పరంజా కట్టేవాళ్లు అతని మాట మీద పనిచేస్తారు. ఊడ్చే మనిషి ఆరోగ్యం గురించి అంత పట్టింపు గల నియమం, పరంజా కట్టేవాడి దగ్గరికి వచ్చేసరికి కళ్లు మూసుకోగలదు. గోవిందరావుకు ఆ రెండూ కనిపించాయి.

"జబ్బున్నోల్లకి నీడన పనిత్తామని, తోసీది నేదని రాసియ్యి. అప్పుడు కదుల్తాను."

"అది నా సేతుల్లో నేదు బావా."

"తెలుసు. ఎవుడి సేతుల్లో ఉన్నాదో ఆడ్ని పిలు. నెల్లాళ్లయి ఎతుకుతన్నాను."

వెనక నుంచి ఎవరో, నడు మావా, మస్టరు పోతాదని కేకేశారు. ఇంకొకరు తిట్టారు. వాళ్ల తిట్టు న్యాయమైనదే, ఒక పూట కూలి వాళ్లకు చిన్నదేమీ కాదు. ఎవరూ అతని పక్కకు వచ్చి నిలబడలేదు. ధనమ్మ మాత్రం చెట్ల కింద నుంచి లేచి, కేరేజీ పట్టుకుని, వరస తప్పించుకుని ముందుకు వచ్చి, అతని వెనకగా నిలబడింది. తనను వెనక్కి తగ్గమని అడుగుతుందేమోనని అతను అనుకున్నాడు. ఆవిడ మెడలోని కార్డు తీసి చేత్తో పట్టుకుంది, ఆ నున్నటి వేళ్ల మధ్య.

సైరను కూసింది. మనిషి కదలకపోతే కాసేపటికి పచ్చదీపం దానంతటదే ఆరిపోతుంది. ఆరింది. కొండబాబు వాకీటాకీలో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. అటు నుంచి, గేటు సంగతి తమది కాదు, ఇంకొకరిని అడగమని వినిపిస్తోంది. గోవిందరావు కార్డు మళ్లీ తాకించాడు. దీపం వెంటనే వెలిగింది, పచ్చగా, ఎప్పటిలాగే.