రహస్య నివేదిక బయటికొచ్చిన రోజు

మా అత్తగారు దివిసీమలో సముద్రం ఒడ్డునున్న మా ఊరికి సర్పంచిగా ఉండేవారు. తుఫాను షెల్టరు కట్టకుండానే కట్టినట్టు చూపించి నిధులు మింగాడని, సొంత పార్టీ నాయకుడి మీదే విచారణ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పారు. పార్టీ ఆవిణ్ణి వెలివేసింది. ప్రభుత్వం నివేదికను రహస్యమంటూ తొక్కిపెట్టింది. ఏళ్లతరబడి ఊరు ఆవిణ్ణి అబద్ధాలకోరు అంది.

మొన్న కోర్టు ఆదేశంతో ఆ నివేదిక బయటికొచ్చింది. అప్పుడు అత్తయ్యా నేనూ చల్లపల్లి నుంచి అవనిగడ్డ వెళ్లే బస్సులో ఉన్నాం. ఫోనులో చూడగానే అత్తయ్య వైపు తిరిగాను.

"అత్తయ్యా, మీరు చెప్పిందంతా నిజమేనని రాశారు. ఆయనే బాధ్యుడని తేల్చారు."

"గట్టిగా చదువమ్మా. అందరూ వింటారు."

లేచి నిలబడి చదివాను. బస్సంతా చెవులప్పగించి విన్నది. ముందు సీట్లోంచి మా ఊరి పెద్దాయన ఒకరు లేచారు. అత్తయ్య ఎదురైతే మొహం తిప్పుకునే మనిషి ఆయన.

"తప్పయిపోయిందమ్మా," అని చేతులు జోడించారు.

"అదంతా ఎందుకండీ! రేపు కలెక్టరాఫీసుకి రండి, షెల్టరు అడుగుదాం," అన్నారు అత్తయ్య.

మర్నాడు మచిలీపట్నం బస్సులో మా ఊరివాళ్లకే సీట్లు చాల్లేదు. అత్తయ్య మాత్రం కూర్చోనంటే కూర్చోనని, దారి పొడుగునా నవ్వుతూ నిలబడే ఉన్నారు.