చిరగని మోకాళ్లు

ఆ దర్జీ ఎవరినైనా మొహం కంటే ముందు కుట్టు చూసి అంచనా కడతాడు. మూడేళ్ల కూతురికి బడి వెతికినప్పుడూ అంతే. మొదటి బడిలో పిల్లల ప్యాంట్లు మోకాళ్ల దగ్గర చిరిగి, మట్టి కొట్టుకుపోయి ఉన్నాయి. "వీళ్లకు పిల్లల మీద ధ్యాసే లేదు," అని గుమ్మంలోంచే వెనక్కి తిరిగాడు. రెండోదాంట్లో ఒక్క గుండీ ఊడలేదు, ఒక్క మడత నలగలేదు. "లోపల ఏం చెబుతారో కాస్త కనుక్కుందామండీ," అన్న భార్య మాట చెవిన పెట్టకుండా, కొత్త మిషను కోసం దాచిన డబ్బంతా ఏడాది ఫీజు కింద ఒకేసారి కట్టేశాడు. కట్టింది వెనక్కివ్వరని రసీదు మీదే ఉంది.

ఆరు నెలలకు పాప పొడుగైంది. ప్యాంటు అంచు దించబోతూ, అలవాటు కొద్దీ మోకాళ్ల దగ్గర తడిమి చూశాడు. బట్ట కొన్ననాటి బిరుసు పోలేదు.

"బడిలో ఏం చేస్తావమ్మా?"

"కూర్చుంటాను నాన్నా."

"ఆ తర్వాత?"

పాప ఆలోచించింది. "చేతులు కట్టుకుంటాను."

అతను ప్యాంటు తిప్పి వెలుతురుకు పట్టాడు. కూర్చునే చోట బట్ట అరిగి జల్లెడైంది. ఇరవై ఏళ్లుగా పిల్లల మోకాళ్లకు అతుకులు వేసిన ఆ చెయ్యి, అంత పసిదాని ప్యాంటుకు వెనకవైపు అతుకు వేయడం అదే మొదలు.