ఒక్క ఇంజన్, రెండు పొగగొట్టాలు

మా పెదనాయిన పోయాడని పోయిన మంగళవారం పొద్దున సిద్దిపేట నుంచి ఫోను. చేసింది పెద్దమ్మే. "చాయ్ తాగుకుంట చక్కెర తక్కువైందన్నడు. ఏసుకొచ్చేవరకు పాణం పోయింది" అని చెప్పి, "ఆఖరికి గూడ నా చాయ్‌కే వంక వెట్టిండు" అంది. ఏడుస్తూనే నవ్వాను.

ఆయన నేవీలో మెకానిక్. ఓడ మీద నుంచి ఎగిరే సీ హాక్ అనే పాతకాలపు ఇంగ్లండు జెట్ విమానాలను బాగుచేసేవాడు. ఈ మాట మా వాడకట్టులో ఎవరూ నమ్మలేదు. సెలవుకు వచ్చినప్పుడల్లా ఇంటిల్లిపాదికీ పూరీలు చేసిపెట్టడమే ఆయన చేసిన తప్పు. ఓడలో వంటమనిషని అందరూ తేల్చేశారు. పెద్దమ్మ అందరికంటే ముందు. "ఇమానం జేసెటోనికి పిండి గింత మెత్తగ పిసుకుడు ఎట్లొస్తది?" అనేది. చూపించడానికి ఒక్క ఫోటో లేదు. విమానాల దగ్గరికి కెమెరా తేనిచ్చేవారు కాదట.

ఆయన వాదించేవాడు కాదు. ఇంట్లో ఫ్యాను బిగించినా, దిగగానే పనిముట్లన్నీ సరిచూసుకునేవాడు. "పానా లోపల మర్సిపోతే పైన ఎగిరెటోడు సస్తడు బిడ్డా" అనేవాడు. ఫ్యాను మీద ఎవరు ఎగురుతారని నేనెప్పుడూ అడగలేదు.

మూడేళ్ల కింద ఇద్దరినీ గోవాలో విమానాల మ్యూజియానికి తీసుకుపోయాను. ఆరుబయట సీ హాక్ నిలబెట్టి ఉంది. పెద్దమ్మ దాని చుట్టూ తిరిగొచ్చి, "గింతేనా? మన ఎర్రబస్సంత గూడ లేదు" అంది. పెదనాయిన ముఖం చిన్నబోయింది.

పక్కనే మీసాల గైడొకాయన, అటూ ఇటూ ఉన్న రెండు పొగగొట్టాలు చూపించి, దీనికి రెండు ఇంజన్లని జనానికి చెబుతున్నాడు. పెదనాయిన చెయ్యెత్తి, ఇంజన్ ఒక్కటేనని హిందీలో అన్నాడు. గైడు నవ్వి, "మీకెలా తెలుసు చాచా?" అన్నాడు.

పెదనాయిన నోరు తెరవకముందే పెద్దమ్మ ముందుకు దూకింది. "పదేండ్లు గిదే బాగుజేసిండు! ఆయనకు దెల్వక నీకు దెలుసా?"

తెలుగు రాని గైడుకు కూడా సంగతి అర్థమైంది. వెళ్లి బోర్డు చదివి, ఒక్కటేనని ఒప్పుకుని, చోటిచ్చి పక్కకు జరిగాడు. కానీ పెదనాయిన గైడును చూడనే లేదు. పెద్దమ్మనే చూస్తున్నాడు. తర్వాత అరగంట సేపు, ఒక్క ఇంజన్ పొగ రెండు పాయలై రెండు పక్కలా ఎట్లా పోతుందో చేతులు ఊపుతూ చెప్పాడు. "ఇనుండ్రి, ఇనుండ్రి" అని పెద్దమ్మ దారిన పోయేవాళ్లను కూడా ఆపింది.

జనం వెళ్లిపోయాక, ముట్టుకోవద్దన్న బోర్డు పక్కనే నిలబడి, ఆమె కొంగుతో విమానం ముక్కు మీది దుమ్ము తుడవసాగింది. గైడు చూడనట్టు ముఖం తిప్పుకున్నాడు. పైదాకా అందక మునివేళ్ల మీద లేస్తున్న ఆమె భుజాన్ని, పెదనాయిన విమానం రెక్క నీడలో నిలబడి ఒక చేత్తో పట్టుకున్నాడు.